పులిగొంది కమలాలు

రాజమండ్రి మిషను బంగళాలో తోటపని చేసే ఆశీర్వాదం పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కలరా వచ్చిన ఏడు భార్య పోయింది. పిల్లలు లేరు. తల్లి పాపాయమ్మ ఒక్కతే అతనికి మిగిలిన దిక్కు. ఆవిడ పడుచుతనంలో ధవళేశ్వరం ఆనకట్టకి రాళ్లు మోసిన మనిషి. అరవై దాటినా నడుం వంగలేదు.

1886లో పాదిరి దొరగారు పోలవరానికి ఎగువన, కొండల్లో పులిగొంది అనే చోట చిన్న బంగళా కట్టించారు. ఎండాకాలంలో జబ్బుపడ్డవాళ్లు వచ్చి ఉండడానికని. ఆ చల్లదనానికి కమలాలూ ద్రాక్షా బాగా కాస్తాయని ఆయన నమ్మకం. పన్నెండు కమలా అంట్లు, రెండు ద్రాక్ష తీగలు తెప్పించి, వాటిని తీసుకుని కొండ మీదే ఉండమని ఆశీర్వాదానికి చెప్పారు.

"నేనూ వస్తా," అంది పాపాయమ్మ.

"అక్కడన్నీ మన్నెం జ్వరాలమ్మా. నువ్వు తట్టుకోలేవు."

"నీకు గంజి వార్చుకోవడం కూడా రాదు. జ్వరమొస్తే ఇద్దరికీ వస్తుందిలే, పద."

రెండు రోజులు పడవ మీద, ఒక రోజు కొండదారిన నడిచి చేరుకున్నారు.

డెల్టాలో పుట్టి పెరిగిన ఆశీర్వాదానికి చలి అంటే తెల్లవారుజామున దుప్పటి మెడదాకా లాక్కోవడమే. పులిగొందిలో పుష్యమాసం ఒకనాటి పొద్దున లేచి చూస్తే, గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకుని ఉంది. వేలు పెడితే కరిగిపోయింది. మధ్యాహ్నానికి కమలాల లేతాకులు ఉడకబెట్టినట్టు నల్లబడ్డాయి. నెల తిరిగేసరికి ఏడు మొక్కలూ, ఒక ద్రాక్ష తీగా చచ్చిపోయాయి.

మార్చిలో దొరగారు వచ్చారు. తోటంతా తిరిగి చూశారు. తిట్టలేదు. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగులో నెమ్మదిగా అన్నారు. "ఆశీర్వాదమూ, ఇంకొక చలికాలము చూచెదము. ఇవియు చచ్చిన యెడల తోట మూసివేయుదము."

పాపాయమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. కొడుకు ముఖం చూసింది. రాజమండ్రిలో అతని పనిలో అప్పటికే వేరే మనిషి చేరాడు. ఈ తోట పోతే అతనికి వెళ్లే చోటు లేదు.

ఆ ఏడాది పక్కగూడెం కొండరెడ్డి పోతురాజు దగ్గర ఆశీర్వాదం చలి సంగతి నేర్చుకున్నాడు.

"చలి పైనించి పడుద్ది అన్నా," అన్నాడు పోతురాజు. "మొక్కకి గొడుగు పట్టాలి. మూసిపెట్టేశావో, కుళ్లిపోద్ది. ఎండొచ్చే వైపు వదిలెయ్."

ఒక్కో మొక్క చుట్టూ వెదురు గుంజలు పాతి, మూడు వైపులా గడ్డి తడికలు కట్టి, పైన కప్పు వేశారు. మొదళ్లలో మోకాలెత్తున ఎండాకులు పోశారు. ద్రాక్ష తీగని పందిరి మీంచి దింపి నేల మీద పడుకోబెట్టి మట్టి కప్పమని దొరగారు ఉత్తరం రాశారు. వాళ్ల దేశంలో అలాగే చేస్తారట. పాపాయమ్మ తట్టలతో మట్టి మోసింది. ఆనకట్ట పని గుర్తొచ్చిందని నవ్వింది.

క్రిస్మస్ వెళ్లాక రెండు రోజులు గాలీ వానా. తడికలన్నీ ఎగిరి లోయలో పడ్డాయి. మిగిలిన గడ్డి తడిసి ముద్దయింది. పొడిగడ్డి కావాలంటే కొండ అవతలి గూడేనికి వెళ్లాలి.

"రేపు పొద్దెక్కేసరికి వచ్చేస్తానమ్మా," అని ఆశీర్వాదం పోతురాజుని వెంటబెట్టుకుని వెళ్లాడు.

ఆ సాయంత్రం మబ్బంతా తేలిపోయింది. ఆకాశం అద్దంలా ఉంది. అలాంటి ఆకాశం ఉన్న రాత్రి ఆ తెల్లమంచు పడుతుందని ఆశీర్వాదానికిప్పుడు తెలుసు. అవతలి గూడెంలో కూర్చుని, ఐదు మొక్కలూ పోయినట్టే అనుకున్నాడు. తెల్లవారకముందే గడ్డిమోపు నెత్తినెత్తుకుని బయలుదేరాడు.

తోటలో అడుగుపెట్టి ఆగిపోయాడు. ఒక మొక్క మీద ఇంట్లోని చాప. ఒకదాని మీద తన బొంత. ఇంకోదాని మీద గోనెసంచులు. నాలుగోదాని మీద తల్లి మారుచీరలు రెండూ మడత మీద మడత. ఐదోదానికి ఆవిడ గొంగళి. పొయ్యిలో నిప్పంతా చట్టుల్లో పోసి మొక్కల పక్కన పెట్టింది. నిప్పులు బూడిదైపోయాయి. ఇంటి గుమ్మంలో, కట్టుబట్టతో, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది పాపాయమ్మ. పెదాలు నల్లబడ్డాయి.

"చూడరా," అంది కొడుకుని చూసి నవ్వుతూ. "ఒక్కాకు మాడలేదు."

ఆశీర్వాదం గడ్డిమోపు విసిరికొట్టాడు.

"నీకు మతి పోయిందా? చస్తే చచ్చాయి మొక్కలు! ఎవరు చెయ్యమన్నారు నిన్ను? ముసలిదానివి ఇంట్లో పడుండక!"

పుట్టి బుద్ధెరిగాక తల్లిని అతను అంత మాట అన్నది లేదు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"కోప్పడకురా. గంజి కాస్తానుండు," అని లేవబోయింది. కాళ్లు లేవలేదు.

మూడో నాటికి గుండెలో పోటు, ఆయాసం. పోతురాజు తన వాళ్లు ముగ్గురిని తీసుకొచ్చాడు. డోలీ కట్టి, పోలవరంలో వైద్యుడున్నాడని, కొండ దింపారు. గోదావరి గట్టున పడవ కోసం ఆగారు. ఎండ కాస్తోంది. పాపాయమ్మ కళ్లు తెరిచింది.

"అమ్మా," అన్నాడు ఆశీర్వాదం. "ఆ రోజు నేనన్న మాట…"

"ఏ మాట రా?"

ఆ మాట మళ్లీ నోటితో ఎలా అంటాడు?

"ఏం లేదులే. పడుకో."

పోలవరం ఇంకా కనబడకముందే పడవలోనే ప్రాణం పోయింది. ఊరికి ఎగువన గట్టు మీద సమాధి చేశారు. పోలవరం నించి వచ్చిన మిషను ఉపదేశి బైబిలు వాక్యం చదివాడు. రెండు వెదురు బద్దలతో సిలువ కట్టి నిలబెట్టి ఆశీర్వాదం మళ్లీ కొండెక్కాడు. వెళ్లే చోటు అదొక్కటే.

మార్చిలో ఐదు మొక్కలూ చిగురించాయి. మట్టి తీస్తే ద్రాక్ష తీగ బతికే ఉంది. దొరగారు చాలా సంతోషించారు.

"నీవు చేసినది గొప్ప పని."

"నేను చెయ్యలేదండి. మా అమ్మ చేసిందండి."

దొరగారు అతని భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. ఆశీర్వాదం కళ్లు మూసుకున్నాడు. అతనికి వినబడింది ప్రార్థన కాదు, తన గొంతే. పడుండక, పడుండక అని.

మూడేళ్లకి కమలాలు కాశాయి. ఒక పండు ఒలిచి సగం పోతురాజుకిచ్చాడు. తియ్యగా ఉంది. నోట్లో తొన ఉండగానే ఆశీర్వాదం ఏడ్చేశాడు.

"కసిరాను పోతురాజూ. రాత్రంతా చలిలో కూర్చున్న మనిషిని కసిరాను. నవ్వుతూ ఉంది, అప్పుడు కసిరాను."

పోతురాజు తినడం ఆపి మిగిలిన తొనల వంక చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"నేనూ పొద్దున మా అమ్మని కసిరొచ్చాను అన్నా," అని, చేతిలో మిగిలిన తొనలు ఆకులో చుట్టుకుని గూడెం వైపు వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో బంగళాకి వచ్చిన ఇద్దరు మిషనువాళ్లు మన్నెం జ్వరంతో పోయారు. పులిగొంది మూసేయమని పైనించి ఉత్తరువు వచ్చింది. తోటని ఎవరూ తలుచుకోలేదు. ఆశీర్వాదాన్ని రాజమండ్రి రమ్మన్నారు.

పోలవరానికి ఎగువన పడవ ఆపించి దిగాడు. కిందటేడు వరదకి గట్టు విరిగి నదిలో కలిసిపోయింది. సిలువ లేదు, అది పాతిన నేలా లేదు. ఆ చోట ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి.

"ఎవరి కోసమండీ?" అన్నాడు పడవ సరంగు.

"మా అమ్మండి. ఇక్కడే ఎక్కడో."

సరంగు తలపాగా తీసి చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత, "ఎండెక్కుతోందండి, బయల్దేరదామా?" అన్నాడు మెల్లగా.

"పదండి," అని ఆశీర్వాదం పడవెక్కాడు.