కింసెంగ్ థియేటర్ రాజకుమారుడు

మా మామగారి తండ్రి కట్టించిన కింసెంగ్ థియేటర్‌ని ఇప్పుడు ఊళ్లో అందరూ ఫంక్షన్ హాలు అంటున్నారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి అందులో సినిమాలు ఆడుతుండేవి. వీడియోలొచ్చి జనం తగ్గాక మామగారు తాళం వేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మా నాన్‌ఖేంగ్ ఊరి రైతులు అందులో వెల్లుల్లి నిలవ చేసుకున్నారు. ఆరేసిన బట్టలకు కూడా ఆ వాసనే పట్టేది.

మామగారు పోయాక జిల్లా సాంస్కృతిక శాఖ వాళ్లు వచ్చి, బాగుచేసి పెళ్లిళ్లకీ సభలకీ ఇద్దామన్నారు. మా ఆయన బున్‌హియాంగ్ బడిపంతులు. వెంటనే ఒప్పుకున్నాడు. మా అత్తగారు పెక్‌హా మాత్రం ఔననలేదు, కాదనలేదు. ఆవిడకప్పటికి డెబ్బై అయిదేళ్లు. ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడే మనిషి.

పనివాళ్లు వెండితెర గోడ పగలగొడితే దాని వెనక చెక్క రంగస్థలం బయటపడింది. సినిమా రాకముందు అక్కడ పాటల నాటకాలు ఆడేవారట. ఒక్కో బృందం పది రోజులుండి వెళ్లేదట. ఆ చెత్తలో దొరికిన వాల్‌పోస్టరు ఒకటి పట్టుకుని ఆ శాఖ ఆఫీసు అమ్మాయి మా ఇంటికొచ్చింది. పోస్టరు మీద కత్తి దూసిన రాజకుమారుడు. ఈ నటుడెవరో మీకేమైనా గుర్తుందా అమ్మమ్మా అని అడిగింది. అత్తగారు చిక్కుడుకాయలు తుంచుతున్నారు. తలెత్తి ఒక్కసారి చూశారు.

“నటుడు కాదమ్మా. నేనే.”

మా ఆయన చేతిలో టీ చేతిలోనే ఉండిపోయింది. తల్లి పెళ్లికి ముందు దక్షిణాదిలో బట్టలు కుట్టుకునే పిల్ల అనే ఆయనకు చిన్నప్పటి నుంచీ చెప్పారు. ఆ రోజు అత్తగారు, చిక్కుళ్లు తుంచుతూనే, అంతా చెప్పారు. ఇరవై ఏళ్ల వయసులో బృందంతో వచ్చి ఇక్కడ పది రోజులు ఆడారు. మగవేషాలన్నీ ఆవిడవే. ఆవిడకు జంటగా రాకుమారి వేషం కట్టే స్యూలాన్ ఆవిడకన్నా రెండేళ్లు పెద్ద. పదో రోజుకు మామగారు పెళ్లి చేసుకుంటానన్నారు. నాటకాలదన్న మాట మళ్లీ ఈ గడపలో వినపడకపోతేనే చేసుకో అంది ఆయన తల్లి. ఏడాది తిరిగేసరికి థియేటరు సినిమా హాలయింది. రంగస్థలానికి అడ్డంగా గోడ లేచింది.

“ఆ గోడ కడుతున్నప్పుడు మేస్త్రీలకి టీ పోసింది నేనే,” అన్నారు అత్తగారు.

మా ఆయనకు కోపమొచ్చింది. నాయనమ్మ పోయి ముప్పై ఏళ్లయింది కదా, తర్వాతైనా ఎందుకు చెప్పలేదని అడిగాడు. అత్తగారు చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టారు.

“నీకు పద్నాలుగేళ్లప్పుడు ఒకావిడ మూట పట్టుకుని మన గుమ్మంలోకొచ్చింది. నాటకాలోళ్లకి మా ఇంట్లో పనిలేదు పో అన్నావు. మీ నాయనమ్మ పక్కనే కూచుని నవ్వింది. నేను వంటింట్లో ఉన్నా. బయటికి రాలేకపోయా. ఆవిడే స్యూలాన్. ఇది చెప్పాలంటే అదీ చెప్పాలి కదరా.”

మా ఆయనకు ఆ సంగతి గుర్తే లేదు. దాంతో ఇంకా కుంగిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు ఆఫీసు అమ్మాయిని పట్టుకుని పాత బృందం వాళ్లను ఒక్కొక్కరినే అడిగించాడు. వారానికి ఆచూకీ తెలిసింది. స్యూలాన్ తుంగ్‌కాంగ్ రేవులో చేపల సూపు అమ్ముతోంది. ముగ్గురం రైలెక్కాం.

ఆవిడ మమ్మల్ని చూసింది, అత్తగారిని పోల్చుకుంది కూడా. అయినా అల్లం తరగడం ఆపలేదు.

“ఎడం చెవి పోయింది. ఇటు కూచో,” అంది.

మా ఆయన ఆ బల్లల మధ్యే నడుం వంచి, ఆ రోజు తానన్న మాట తన నోటితోనే మళ్లీ చెప్పి, క్షమించమని అడిగాడు. సూపు తాగుతున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

“పిల్లాడివి నాయనా, నేర్పిన మాటే అన్నావు. నీ మీద కోపం లేదు,” అందావిడ. “ఆ రోజు లోపల చేప మాడుతున్న వాసనొచ్చింది. మా బృందంలో చేప మాడ్చేది ఇదొక్కతే. లోపలుండీ రాలేదని అప్పుడే తెలిసిపోయింది నాకు.”

“కిటికీలోంచి నిన్ను చూస్తూ నిలబడ్డానక్కా. అందుకే మాడింది,” అన్నారు అత్తగారు.

స్యూలాన్ తరిగిన అల్లం సూపు కుండలో వేసింది. తర్వాత ఒక గిన్నె నిండా సూపు పోసి అత్తగారి ముందు పెట్టింది.

“తాగు. చల్లారితే నీచు కొడుతుంది.”

హాలు తెరిచే రోజుకు రమ్మంటే మొదట రానంది. మా ఆయన బతిమాలితే, తన పేరు అచ్చేసిన కార్డు పంపితే అప్పుడు చూద్దామంది.

తిరిగొచ్చేసరికి ఇక్కడ ఇంకో చిక్కు. రంగస్థలం తీసేసి ఆ చోట వంటగది కడతామని శాఖ వాళ్లు ప్లాను గీశారు. పెళ్లి భోజనాలకు అదే అనువట. మా ఆయన ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. అలాంటిది ఆఫీసులో బల్ల గుద్ది, రంగస్థలం పోతే మేం సంతకం పెట్టమన్నాడు. చివరికి వంటగది వెనకవైపు, వెల్లుల్లి బస్తాలు దింపుకునే చోటికి మారింది.

తెరిచిన రోజు వాన. స్యూలాన్ కూతురితో టాక్సీలో వచ్చింది. మా ఆయన గొడుగు పట్టి ముందు మెట్ల మీదుగా ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చాడు. ఇరవై బల్లల నిండా జనం. పెద్దల ఉపన్యాసాలయ్యాక ఇద్దరూ రంగస్థలమెక్కారు. రాజకుమారుడు యుద్ధానికి వెళ్తూ వీడ్కోలు చెప్పే ఘట్టం. నాలుగో చరణంలో అత్తగారి గొంతు పట్టేసింది. అత్తగారు ఆ వినపడని ఎడం చెవి పక్కనుండటంతో స్యూలాన్‌కు తెలియలేదు, తన వంతు తను పాడుకుపోయింది. మళ్లీ రాజకుమారుడి వంతు వచ్చినా పాట రాకపోయేసరికి తిరిగి చూసింది. గొంతు మగవాడిలా బరువు చేసి ఆ చరణాలు కూడా తనే అందుకుంది. అత్తగారు చేతులతో, కళ్లతో ఆడారు. పాత మనుషులు కొందరు కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన నాతో ఒక్క మాటే అన్నాడు.

“అమ్మ అంత పొడుగని నాకెప్పుడూ తెలీలేదు.”

స్యూలాన్ ఆ ఏడాది మరో నాలుగుసార్లు వచ్చింది. తర్వాత మోకాళ్లు సహకరించలేదు. ఇప్పుడు పొద్దున్నే ఫోను. ఏ రాగం ఎక్కడ విరవాలో ఇద్దరూ తగువు పడుతుంటారు. శని, ఆదివారాలు హాల్లో పెళ్లిళ్లు. బుధవారం మధ్యాహ్నాలు అత్తగారు ఆరుగురు ఆడవాళ్లకు నాటకం నేర్పుతున్నారు. అందులో నేనొకదాన్ని, చెలికత్తె వేషం. నాది బాతు నడకని ఆవిడ అందరి ముందూ అంటారు. నేను మళ్లీ తలుపు దగ్గరికెళ్లి, మొదటి నుంచి నడిచొస్తాను.