సాయంత్రం జరిగి ఉండవచ్చు

చిన్నక్క కుడిచెయ్యి మెషిన్‌లో పడింది పట్టపగలు, పని మధ్యలో, షెడ్డులో అందరూ చూస్తుండగా.

రాయదుర్గంలో మల్లికార్జునయ్య జీన్స్ యూనిట్ అది. కుట్టిన ప్యాంట్లను ఉతికి, పెద్ద ఉక్కు డ్రమ్ములో వేసి గిరగిరా తిప్పి నీళ్లు పిండుతారు. డ్రమ్ము తిరుగుతున్నంతసేపూ మూత తెరుచుకోకుండా ఒక లాక్ ఉండాలి. అది విరిగిపోయి చాలా కాలమైంది. బాగు చేయించమని ఆఫీసులో కంప్యూటర్ పని చేసే సారా చెబుతూనే ఉంది. మనిషిని పిలిపిస్తామన్నారు. పిలిపించలేదు.

కేక విని షెడ్డులోకి మొదట పరిగెత్తింది సారానే. తన చున్నీ తీసి చిన్నక్క చేతికి చుట్టి, ఆటోలో ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ తమ వల్ల కాదని అనంతపురం పంపారు. అక్కడి డాక్టర్లు మోచేతి దాకా చెయ్యి తీసేశారు.

ఆ వారంలోనే బెంగళూరు నుంచి మెయిల్ వచ్చింది. వీళ్ల సరుకు కొనే కంపెనీ అది. మీ యూనిట్‌లో ప్రమాదం జరిగిందని తెలిసింది, ఎప్పుడు, ఎలా జరిగిందో రాసి పంపండి అని అడిగారు. కంపెనీకి పోయే ఇంగ్లీషు మెయిళ్లన్నీ రాసేది సారానే. మల్లికార్జునయ్య కొడుకు సుమంత్ ఆమెను తన గదిలోకి పిలిచాడు. బెంగళూరులో చదివి వచ్చినవాడు, గొంతు పెంచి మాట్లాడడు. పనివేళలో ప్రమాదమంటే ఆర్డర్లు ఆగిపోతాయని, ఆర్డర్లు ఆగితే షెడ్డులో వాళ్లందరి కడుపులూ కాలతాయని నెమ్మదిగా చెప్పాడు. సాయంత్రం పని ముగిశాక చిన్నక్క తనంతట తాను మూత ఎత్తినట్టు రాయాలన్నాడు.

"అట్ల జరగలేదు కదా సార్" అంది సారా.

"జరిగిందని నేను రాయమంటాండానా? జరిగి ఉండొచ్చు అని రాయి. 'మే హావ్' అని పెట్టు. 'పాసిబ్లీ' అని పెట్టు. 'సమ్‌టైమ్ ఇన్ ది ఈవినింగ్' అను. దాంట్లో అబద్ధం యాడుండాది?"

ఆ మాటలు సారాకు కొత్త కాదు. తెలియని సంగతి తెలిసినట్టు రాయకండి, చదివేవాడికి మీ సందేహం ఎంతో అంతే కనపడాలి అంటూ కాలేజీలో ఇంగ్లీషు మేడం ఆ మాటలు ఒక్కొక్కటీ నేర్పింది. వాటిమీద సారాకు గౌరవం ఉండేది. వాళ్ల నాయన ఇమ్మానుయేల్ చేలల్లో కూలికి పోయేవాడు. విత్తనం పడే వేళ ఎవరైనా అడిగితే మబ్బు చూసి, రేపో మర్నాడో వస్తాదేమో అనేవాడు. తనకు తెలిసినదానికన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పేవాడు కాదు. ఇంగ్లీషులో 'మే' అని రాసినప్పుడల్లా ఆమెకు నాయన నోటి 'ఏమో' గుర్తొచ్చేది. ఇప్పుడు ఈ మనిషి అదే మాట అడుగుతుంటే ఒళ్లు మండింది.

"అవి తెలీనోళ్లు రాసే మాటలు సార్. మనకు తెలుసు."

సుమంత్ నవ్వి, సరే, నీ ఇష్టమొచ్చినట్టే రాసి తీసుకురా అన్నాడు. సారా తన బల్ల దగ్గరికి పోయి రాసింది. పనివేళలో జరిగింది, లాక్ విరిగి ఉంది, కేక విని మొదట వెళ్లింది నేనే. అన్నీ చిన్న చిన్న వాక్యాలు. అతను చదివాడు. బాగుంది, నేనే పంపిస్తాలే అన్నాడు. సారా నమ్మింది.

మర్నాడు కంపెనీ నుంచి జవాబు ఆమె పేరు మీదే వచ్చింది. వివరాలు తెలిపినందుకు సారాకు ధన్యవాదాలు చెప్పారు. ప్రమాదం పని ముగిశాక జరిగింది కాబట్టి విషయాన్ని ఇంతటితో ముగిస్తున్నామన్నారు. కింద, ముందు రోజు ఆమె పంపినట్టుగా ఉన్న మెయిల్ కనపడింది. ఒక్క తప్పు లేని ఇంగ్లీషు. సాయంత్రం ఏదో ఒక వేళ జరిగి ఉండవచ్చు. పని ముగిసిన తర్వాత కావచ్చునని భావిస్తున్నారు. ఎవరు భావిస్తున్నారో లేదు. అడుగున సారా పేరుంది. ఇక్కడి నుంచి పోయిన 'కావచ్చు' అక్కడికి చేరేసరికి 'జరిగింది' అయిపోయింది.

సారా తలుపు కొట్టకుండానే గదిలోకి పోయింది. లోపల తండ్రీ కొడుకులిద్దరూ ఉన్నారు. పేరుదేముందమ్మా, ఆఫీసు తరపున పోయింది, చిన్నక్కను మేం మాత్రం చూసుకోమా అన్నాడు మల్లికార్జునయ్య.

"చెయ్యి పోయింది ఆయమ్మది. పేరు పోయింది నాది. మీదేం పోయిందయ్యా?"

ఆమె గదిలోంచి బయటికొచ్చేసింది. తన బల్ల దగ్గర కూర్చుని కంపెనీ వాళ్లందరికీ మళ్లీ రాసింది. ముందు మెయిల్ నేను రాసింది కాదు, ప్రమాదం పనివేళలో జరిగింది, ఇందులో ఎవరికీ ఏ అనుమానమూ లేదు. తన సొంత మెయిల్‌కు కూడా ఒక కాపీ పెట్టుకుంది. సుమంత్ వచ్చి వైరు పీకేసరికి అది వెళ్లిపోయింది. రేపటి నుంచి రావద్దన్నాడు. ఈరోజు నుంచే రానని చెప్పి టిఫిన్ డబ్బా తీసుకుని బయటికొచ్చింది.

కంపెనీ జవాబు ఆమె ఫోన్‌కు వచ్చింది. మీ మాటను గమనించాం, తగిన సమయంలో పరిశీలిస్తాం, రాబోయే నెలల్లో మా మనుషులు వచ్చే అవకాశం ఉంది. సారా బస్టాండులో నిలబడి అది చదివింది. ఫోన్ విసిరికొడదామన్నంత కోపం వచ్చింది. వీళ్లకూ అదే భాష. అనంతపురం బస్సెక్కింది.

ఆసుపత్రి మంచం మీద చిన్నక్క గోడకానుకుని కూర్చుని ఉంది. మొగుడు రంగన్న పక్కన బెంచీ మీద ఉన్నాడు. సారా జరిగిందంతా చెప్పింది. ఊరుకోమని, పెద్దోళ్లతో మనకెందుకని రంగన్న గొణిగాడు. చిన్నక్క అతని వైపు చూడనే లేదు.

"నా చెయ్యి ఎప్పుడు పోయిందో వాళ్లకు అనుమానమా?"

"అనుమానం లేదక్కా. ఉన్నట్టు రాసినారు."

"ఇంగ్లీషులో అట్ల రాయొచ్చా?"

"రాస్తాండారు."

చిన్నక్క కట్టు కట్టిన చేతిని చూసుకుంది. "ఈడ్నించి వదిలినంక నన్ను పిల్చుకపో. యాడ చెప్పల్లో ఆడ చెప్తా" అంది.

అన్నట్టే లేబర్ ఆఫీసుకు పోయారు. పక్క మెషిన్ దగ్గర పనిచేసిన జ్యోతి కూడా వచ్చి సాక్ష్యం చెప్పింది. ఆమె పనీ పోయింది. ఆఫీసు వాళ్లు యూనిట్‌కు వచ్చేలోపే మెషిన్లన్నిటికీ కొత్త లాకులు పడ్డాయి. విచారణలో సుమంత్ తరపు లాయరు ఆ ఇంగ్లీషు మెయిల్‌నే చూపించాడు. దాని మీద పేరున్న మనిషే ఎదురుగా నిలబడి అది నాది కాదంటే, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కేసు మాత్రం తెగలేదు. విచారణ వాయిదా పడిన రోజు, మళ్లీ ఎప్పుడు రావాలని గుమాస్తాను అడిగారు. అతను తల ఎత్తకుండానే, వచ్చే నెలలో ఉండొచ్చు అన్నాడు.

సారా నోరు తెరిచేలోపే చిన్నక్క అతని బల్ల ముందు నేల మీద కూర్చుంది.

"ఉండొచ్చు కాదప్పా. తేదీ చెప్పు. చెప్పిందాక ఈడ్నే ఉంటా."

అతను విసుక్కున్నాడు. పై అధికారిని అడగాలన్నాడు. అడుగుపో అంది చిన్నక్క. సారా, జ్యోతి వచ్చి ఆమెకు చెరో పక్క కూర్చున్నారు. వెనక వచ్చినవాళ్లకు దారి లేక గుంపు పెరిగింది. చివరికి గుమాస్తా లేచి లోపలికి పోయాడు.