రాయచోటి నుంచి వచ్చిన గుండె

నూర్ బాషా పని ఏమిటో ఆ ఆసుపత్రిలో చాలామందికి సరిగ్గా తెలియదు. కర్నూలులో ఆ గుండె ఆసుపత్రిని పెట్టిన డాక్టర్ సుందరలక్ష్మికి తెలుసు. మిగతావాళ్ళ దృష్టిలో అతను కంప్యూటర్లు బాగుచేసే మనిషి, పాస్‌వర్డుల పేరుతో ప్రాణం తీసే మనిషి. అది రెండువేల ఆరో సంవత్సరం. అక్కడ కంప్యూటర్ అంటే బిల్లులు కొట్టేది, మందుల స్టాకు చూసేది, రద్దీ తగ్గాక పేకాట ఆడుకునేది. ఆ కంప్యూటర్లన్నిటినీ కలిపే తీగల గుండా ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో చూసుకునే మనిషి ఒకడు ఉండాలని డాక్టరమ్మే పట్టుబట్టి అతన్ని పిలిపించుకుంది.

నందికొట్కూరులో పరుపులు కుట్టే ఇంట్లో పుట్టిన బాషా, హైదరాబాదులో కొన్నేళ్ళు ఒక బ్యాంకు నెట్‌వర్కు చూశాడు. తలుపు వేసి ఉందంటే నమ్మడం అక్కడే మానేశాడు. తోసి చూసి గానీ నమ్మేవాడు కాదు. కర్నూలు వచ్చిన వారంలోనే కౌంటర్ల దగ్గర మానిటర్లకు అతికించి ఉన్న పాస్‌వర్డు చీటీలన్నీ పీకేశాడు. ఎవరి పాస్‌వర్డు వాళ్ళకే ఉండాలన్నాడు. ఆ రోజు నుంచి క్యాంటీన్‌లో అతను కూర్చున్న బల్ల దగ్గరకు ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

ఆ ఏడాదే రాయచోటిలో ఆసుపత్రికి చిన్న శాఖ తెరిచారు. అక్కడ గుండె డాక్టరు లేరు. ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే అక్కడి నర్సు ఛాతీ మీద తీగలు అంటిస్తుంది. ఆ గుండె గీతలు మేడ మీది డిష్ గుండా ఉపగ్రహానికి ఎక్కి, కర్నూలు మేడ మీది డిష్‌లోకి దిగి, సుందరలక్ష్మి గదిలో తెర మీద కనిపిస్తాయి. ఆ ఏర్పాటంతా చేసింది బాషానే. దానికి వేరే కంప్యూటర్, వేరే తీగలు పెట్టాడు. ఆఫీసు కంప్యూటర్లతో ఎక్కడా కలవనివ్వలేదు.

ఆసుపత్రి లెక్కలూ జీతాలూ చూసే రాఘవేంద్రప్రసాద్‌కు ఇది మింగుడుపడలేదు.

"ఏమప్పా బాషా, అంత చిన్న ఆసుపత్రికి రెండు కంప్యూటర్లు ఎందుకు? ఒకదాంట్లో బిల్లులు, ఇంకోదాంట్లో గుండెలు. రెండూ ఒకదాంట్లోనే పెడితే పోదా?"

"పెట్టొచ్చు సార్. కానీ బిల్లుల కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఉండాది. దాంట్లోకి ఏదన్నా దూరిందంటే గుండె మీదికే వస్తాది."

"ఏం దూరుతాది? దొంగలా?"

"దొంగలే రానక్కర్లేదు సార్. ఎవరన్నా పెన్ డ్రైవ్‌లో పాటలు తెచ్చి పెడితే చాలు."

"నీకు అందరూ దొంగల్లాగే కనపడతాండారప్పా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. ఆయన చెడ్డవాడు కాదు. ప్రతి వస్తువూ రెండుసార్లు ఎందుకు కొనాలన్నదే ఆయన బాధ. పంచాయితీ డాక్టరమ్మ దగ్గరికి చేరింది. ఆమె ఇద్దరి మాటా విని, "కొన్నాళ్ళు బాషా చెప్పినట్టే ఉండనీండి. అవసరం లేదనిపిస్తే అప్పుడు కలుపుదాం," అంది.

బాషా రాయచోటి వెళ్ళి అక్కడి నర్సులకు ఒక పూటంతా పాఠం చెప్పి వచ్చాడు. తీగలు ఎట్లా అంటించాలో ఈసీజీ కంపెనీవాళ్ళు చెప్పారు. బాషా చెప్పింది వేరే. కంప్యూటర్‌లో ఇది కొట్టండి, అది కొట్టండి అని ఫోన్లో ఎవరు చెప్పినా చేయొద్దన్నాడు. "నేనే బాషాను అని చెప్పినా నమ్మద్దండి. పెట్టేసి, గోడ మీదుండే నంబరుకు మీరే చేయండి." నర్సులు ముఖాలు చూసుకుని నవ్వుకున్నారు. ఈసీజీ పంపడానికి ఒక నర్సు పేరుతో లాగిన్ ఇచ్చి అతను కర్నూలు బస్సెక్కాడు.

ఎండాకాలంలో ఒక సోమవారం ఉదయం, ఓపీ కిటకిటలాడుతున్నప్పుడు, మొదటి కౌంటర్‌లోని కంప్యూటర్ తనంతట తానే ఆగి మళ్ళీ మొదలైంది. పక్కది కూడా అంతే. కాసేపటికి మందుల షాపులోదీ, ల్యాబులోదీ, చివరికి రాఘవేంద్రప్రసాద్ బల్ల మీదిదీ. ఆగడం, మొదలవడం, మళ్ళీ ఆగడం. చీటీలు పట్టుకున్న జనం కౌంటర్ల మీద పడ్డారు. ఉక్కపోతలో పిల్లల ఏడుపులు, పెద్దల కేకలు.

బాషా చూడగానే గుర్తుపట్టాడు. బయటి నుంచి వైరస్ లాంటి పురుగు దూరింది. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు తానే దారి వెతుక్కుంటూ పోయే రకం.

"అన్నీ ఆపెయ్," అన్నాడు రాఘవేంద్రప్రసాద్, చెమటలు తుడుచుకుంటూ. "డిష్ కూడా ఆపెయ్. అది గూడా పోతే మనం తట్టుకోలేం."

ఆ మాటలో న్యాయం ఉంది. అయినా బాషా తల అడ్డంగా ఊపాడు. "దాని తీగ దీంతో కలవలేదు సార్."

అనైతే అన్నాడు గానీ లోపల బెదురు పుట్టింది. తను లేనప్పుడు ఎవరైనా సౌకర్యం కోసం ఒక తీగ కలిపి ఉంటే? తీగలన్నీ వచ్చి చేరే అలమార దగ్గరకు పరుగెత్తాడు. మోకాళ్ళ మీద కూర్చుని, డిష్ నుంచి దిగిన తీగను చేత్తో పట్టుకుని, గోడ వెంబడి డాక్టరమ్మ గది దాకా తడుముకుంటూ వెళ్ళాడు. ఎక్కడా ఏదీ కలవలేదు. ఆ గదిలోని తెర ఒక్క గీతా లేకుండా, నిశ్చలంగా, ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది.

అప్పుడే డాక్టరమ్మ బల్ల మీది ఫోన్ మోగింది. ఆమె ఎత్తింది, అవతలి మాటలు పక్కనే ఉన్న బాషాకూ వినపడ్డాయి. రాయచోటి శాఖలో డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు నాగశ్రీ.

"మేడం, బొజ్జన్న అని ఒకాయన వచ్చినాడు. గొర్రెలు మేపుకునేటోడు. ఛాతీలో శానా నొప్పి, ఒళ్ళంతా చెమటలు. ఈసీజీ పెట్టినాం, కానీ మీకు పోతాండ్లేదు. ఈరోజు డ్యూటీలో ప్రేమమ్మ ఉండాది, ఆమె కొడితే కంప్యూటర్ లోపలికే రానీయట్లేదు."

బాషాకు వెంటనే అర్థమైంది. లాగిన్ ఉన్న నర్సు ఆ రోజు సెలవులో ఉంది. ఆమె బదులు వచ్చిన నర్సు ప్రేమమ్మ ఏదో పాస్‌వర్డు ఊహించి కొట్టింది, మళ్ళీ కొట్టింది. తప్పు పాస్‌వర్డు పడితే తాళం పడేట్టు పెట్టింది తనే. పురుగు లోపలికి రాకుండా అతను కట్టిన గోడే ఇప్పుడు బొజ్జన్న గుండెను బయట నిలబెట్టింది.

"ఒక్క నిమిషం మేడం," అని ఆ గదిలోని కంప్యూటర్‌లోనే ప్రేమమ్మ పేరున కొత్త లాగిన్ తయారుచేశాడు. తన సెల్లు తీసి రాయచోటిలో కంప్యూటర్ పక్కనుండే ఇంకో ఫోనుకు కొట్టాడు.

"ప్రేమమ్మక్కా, నేను బాషాను. నీకు కొత్త లాగిన్ చేసినా. నేను చెప్పే అక్షరాలు కొట్టు."

"ఎవురు?"

"బాషాను అక్కా. కర్నూలు బాషాను."

"బాషా సార్ నంబరు ఇది కాదే."

"ఇది నా సెల్లు. తొందరగా..."

"తప్పనుకోవద్దు సార్. ఆయన పేరు చెప్పి ఎవురు చేసినా నమ్మద్దని బాషా సారే చెప్పి పోయినాడు. పెట్టేయండి. గోడ మీదుండే నంబరుకు నేనే చేస్తా."

ఫోన్ కట్టయింది.

"ఏమైంది?" అంది సుందరలక్ష్మి.

"నన్ను నమ్మలేదు మేడం," అన్నాడు బాషా. "నేను చెప్పిన మాటను నమ్మింది."

గోడ మీది నంబరు అతని గదిలోది. వసారాలో జనాన్ని తోసుకుంటూ అతను చేరేసరికి ఫోన్ మోగుతూనే ఉంది.

"ఇప్పుడు చెప్పండి సార్," అంది ప్రేమమ్మ. గొంతులో తొందర లేదు, తొట్రుపాటు లేదు. అక్షరం అక్షరం తిరిగి పలుకుతూ కొట్టింది. పక్క మంచం మీద మనిషి మూలుగుతుంటే, డాక్టరు కంగారుపడుతుంటే, ఆమె ఆగి, అడిగి, తెలుసుకుని మరీ తలుపు తెరిచింది. హైదరాబాదులో పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్ళ మధ్య పనిచేసిన బాషా, అంత నిబ్బరాన్ని ఎవరిలోనూ చూడలేదు.

అతను తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ తెర ముందు నిలబడి ఉంది. తెర మీద ఒక చుక్క వచ్చింది. చుక్క పరుగెత్తింది, లేచింది, పడింది, మళ్ళీ లేచింది. దాని వెనకే ఒక పచ్చటి గీత సాగింది.

"పెద్ద పోటే," అంది సుందరలక్ష్మి. "చూడు, ఇక్కడ గీత ఎట్లా పైకెత్తుకుని ఉందో. నాళం మూసుకుపోయింది." ఆమె ఫోన్ స్పీకర్ నొక్కింది. "నాగశ్రీ, రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది గదా? నేను చెప్పినట్టు నిదానంగా ఎక్కించు. నేను ఇక్కడే చూస్తుంటా."

రాఘవేంద్రప్రసాద్ కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. స్పీకర్‌లోంచి రాయచోటి గది వినిపిస్తోంది. ఫ్యాను రొద, ప్రేమమ్మ చెప్పుల చప్పుడు, బొజ్జన్న మంచం పక్కనున్న మిషన్ కూత. ఒక్కో గుండె దెబ్బకు ఒక్కో కూత.

బాషా అప్పుడు గమనించాడు. కూత ముందు వినిపిస్తోంది. గీత ఆ తర్వాత లేస్తోంది. రెప్పపాటు తేడా, అంతే. కూత, ఆ వెనకే గీత. ఫోన్ మాట నేల మీది తీగల వెంట వస్తోంది. గీత ఆకాశానికి పోయి వస్తోంది.

ఆ దూరం అతనికి తెలియనిది కాదు. ముప్పై ఆరు వేల కిలోమీటర్లు. డిష్‌లు బిగించిన రోజు ఆ అంకెను కాగితాల మీద తనే రాశాడు. కానీ అంకెగానే రాశాడు. ఇప్పుడు ఆ రెప్పపాటులో అదంతా కళ్ళ ముందు పరుచుకుంది. రాయచోటి గుట్టల మధ్య చిన్న గదిలో ఒక గొర్రెల కాపరి గుండె కొట్టుకుంటోంది. ఆ దెబ్బ మేఘాలు దాటి, గాలి కూడా లేని చోటికి పోయి, అక్కడ ఎవరూ లేని చీకట్లో ఒక చిన్న యంత్రాన్ని తాకి, మళ్ళీ కర్నూలు ఎండలోకి దిగి, తను ఇందాక చేత్తో తడిమిన తీగ వెంటే నడిచి వచ్చి ఈ గదిలో లేస్తోంది. దారిలో ఒక్క దెబ్బ కూడా తప్పిపోవడం లేదు. తను ఇన్నాళ్ళూ కాపలా కాసింది కంప్యూటర్లకని అనుకున్నాడు.

ఇంజెక్షన్ ఎక్కడం మొదలై ముప్పావు గంట దాటింది. ఉన్నట్టుండి గీత చెదిరింది. వెడల్పాటి, వికారమైన అలలు వరసగా లేచాయి. స్పీకర్‌లో కూతల వేగం మారింది.

"మేడం!" అంది నాగశ్రీ.

"అయ్యో, పోయినాడా?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్ గుమ్మం పట్టుకుని.

సుందరలక్ష్మి కళ్ళార్పకుండా చూస్తోంది. "ఆగండి. నాగశ్రీ, బీపీ చెప్పు. మనిషి మాట్లాడుతున్నాడా?"

"మాట్లాడతాండాడు మేడం. బీపీ బాగుండాది. నొప్పి తగ్గిందంటాండాడు."

"అయితే భయంలేదు. నాళం తెరుచుకున్నప్పుడు కొందరిలో గుండె ఇట్లా తడబడుతుంది. రక్తం మళ్ళీ పారుతోంది."

అలలు కాసేపు అట్లాగే కొట్టుకుని, ఒకటొకటిగా సన్నబడి, పాత గీతలో కలిసిపోయాయి. చూస్తుండగా ఎత్తుగా నిలబడిన ఆ భాగం నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెట్టింది. కూత, గీత. కూత, గీత. రాఘవేంద్రప్రసాద్ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. ఎందుకు విడిచాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

ఆఫీసు కంప్యూటర్లను ఒక్కొక్కటిగా కడిగి తిరిగి నిలబెట్టడానికి ఆ వారమంతా పట్టింది. అన్నాళ్ళూ బిల్లులు చేత్తోనే రాశారు. రెండు కంప్యూటర్ల మాట రాఘవేంద్రప్రసాద్ మళ్ళీ ఎత్తలేదు. బాషా కూడా గెలిచినట్టు తిరగలేదు. రాయచోటిలో డ్యూటీ చేసే ప్రతి నర్సుకూ లాగిన్ ఇచ్చాడు. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు తాళాన్ని త్వరగా తీసే పద్ధతి ఒకటి కూర్చుని తయారుచేశాడు. అది సరిగ్గా ఉందో లేదో మొదట ప్రేమమ్మనే అడిగాడు. ఆమె వంకలు చూపించిన చోట దిద్దాడు.

కొన్ని వారాల తర్వాత బొజ్జన్న పరీక్షల కోసం కర్నూలు వచ్చాడు. ఎండకు మాడిన సన్నటి మనిషి, భుజాన కంబళి. పని అయ్యాక వసారాలో అందరినీ ఆపి అడుగుతున్నాడు. "నా గుండెకాయ ఈడికి వచ్చినాదంట గదా. యాడ దిగినాదో సూపిస్తారా?"

బాషా అతన్ని నెమ్మదిగా మేడ మీదికి తీసుకెళ్ళాడు. తెల్లటి డిష్ దాదాపు నడినెత్తి వైపు తిరిగి ఉంది. బొజ్జన్న దాని చుట్టూ తిరిగి చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

"ఆడ ఏమీ ల్యాదే సామీ."

"ఉండాది. శానా దూరం. కంటికి ఆనదు."

"ఇప్పుడు ఈడికి రావడం తప్ప నేను కడప దాటి ఎప్పుడూ పోలేదు. ఇది మాత్రం అంత దూరం పోయొచ్చినాదా?"

"వచ్చింది. నేను చూసినా."

బొజ్జన్న అరచెయ్యి ఛాతీ మీద ఆనించుకుని చాలాసేపు పైకే చూశాడు. బాషా కూడా చూశాడు. నీలం తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు గూడా పోతాందా?"

"ఇప్పుడు నీది కాదు పెద్దాయనా. ఇంకెవరిదో వస్తాంటాది."

"ఎవురిదైనా కానీ," అన్నాడు బొజ్జన్న, ఆకాశం మీంచి చూపు తిప్పకుండానే. "సల్లగా ఉండల్ల."