మడ అడవికి మేం కట్టిన వెల

ఆ అడవి పోవడానికి కారణం నా నోరే. ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు, నేనే ఒప్పుకుంటున్నా.

మా ఇళ్ళ వెనక ఉప్పునీళ్ళలో మడ అడవి ఉండేది. నేనూ, మా అన్న పోయాక ఒంటరిగా మిగిలిన మా వదినా, అందులో పీతలు పట్టుకుని బతికేవాళ్ళం. ఓరోజు సర్వే అమ్మాయి ఒకతె కాగితాలు పట్టుకుని వచ్చింది. అడవి వల్ల ఎవరికెంత ఆదాయమో రాసుకుంటుందట. ఆదాయం అడిగారంటే పన్ను వేస్తారనే కదా అర్థం? ఇదివరకు పడవలు లెక్కపెట్టి, పడవకింత అని పిండుకున్నవాళ్ళే కదా వీళ్ళు. ఇల్లిల్లూ తిరిగి, "బురదా దోమలూ తప్ప ఏమీ లేవని చెప్పండి" అని నూరిపోశాను. అందరూ బుద్ధిగా అలాగే చెప్పారు.

వదిన మాత్రం వినలేదు. "పీతలు, తేనె, పొయ్యిలోకి పుల్లలు. చేపపిల్లలు పెరిగేది ఆ వేళ్ళ మధ్యనే. మొన్న తుఫానులో అల అక్కడే ఆగబట్టి మా ఇళ్ళ కప్పులు మిగిలాయి. దానికెంత రాస్తావమ్మా?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, "మా అన్న పోయాక ఆవిడకి మతి సరిగ్గా లేదు, పట్టించుకోకండి" అన్నాను. ఛీ, ఎంత తేలిగ్గా అనేశానో. పాపం ఆ అమ్మాయి నమ్మి, వదిన చెప్పిందంతా కొట్టేసింది.

ఏడాది తిరక్కుండా అడవిని సర్కారువాళ్ళు రొయ్యల చెరువులకి ఇచ్చేశారు. లబోదిబోమంటూ ఆఫీసుకి పరిగెత్తాను. గుమాస్తా మా కాగితాలు తీసి నా ముందు పెట్టాడు.

"ఏమీ రాదని మీరే కదండీ రాయించారు?" అన్నాడు. మొదటి సంతకం నాదే.

చెట్లు కొట్టేశాక కాలవల్లో పీతలు కరువయ్యాయి. ఇప్పుడు నేను ఆ చెరువులకే కాపలావాణ్ణి. గట్టు మీదికి ఎవరొచ్చినా తరిమెయ్యడం నా పని. నిన్న పొద్దున్న, గట్టు పక్కన మిగిలిన పొదల కింద ఎవరో వంగి వెతుకుతున్నారు. సూపర్‌వైజరు నా వెనకే నిలబడి చూస్తున్నాడు. దగ్గరికెళ్తే మా వదిన.

"ఇక్కడికి రాకూడదు వదినా," అన్నాను.

ఆవిడ బుట్టలో ఉన్న రెండు పీతల్నీ నా కాళ్ళ దగ్గర వదిలేసి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.