సామాన్ల జాబితాలో మంగమ్మ

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో కరోనా వల్ల కాఫీ షాపులు మూతబడి మూడో నెల నడుస్తోంది. అది 2021 జనవరి. ఖమ్మం నుంచి డేటా ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చదవడానికి వచ్చిన హారిక కాఫీ షాపులో చేస్తున్న పని పోగొట్టుకుని, యూనివర్సిటీ సైట్‌లో కనబడ్డ ప్రతి ప్రకటనకూ అప్లై చేసింది. ఒక్కటే జవాబు వచ్చింది. ట్రామ్ ఆఖరి స్టాపు దగ్గర ఉండే రిటైరైన లాటిన్ టీచరు ఫ్రావ్ వేగెనర్‌కు (ఫ్రావ్ అంటే శ్రీమతి) పాత కుటుంబ పత్రాలను ఫోటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించే మనిషి కావాలి.

ఆ రోజుల్లో ఒక ఇంటికి బయటివాళ్లు ఒక్కరే రావాలని నియమం. ఫ్రావ్ వేగెనర్‌కు డెబ్బై నాలుగేళ్లు. ఆ చలిలోనూ కిటికీ తెరిచి, పొడవాటి భోజనాల బల్లకు ఆ కొసన ఆమె, ఈ కొసన హారిక కూర్చునేవారు. ఇద్దరికీ మాస్కులు, భుజాల మీద దుప్పట్లు. పాత డచ్ చేతిరాత ఆమె చదివి జర్మన్‌లో చెబితే హారిక టైపు చేసేది.

ఆ పత్రాల కథ మొదటి రోజే చెప్పిందామె. వాళ్ల వంశంలో క్రిస్టోఫ్ అనే ఒకాయన డచ్ కంపెనీలో సిపాయిగా చేరి, ఆఫ్రికా దక్షిణపు కొసన ఉన్న కేప్‌కు వెళ్లి, అక్కడే ద్రాక్షతోట వేసుకుని స్థిరపడ్డాడు. 1768లో చనిపోయాడు. ఆస్తిలో తనకూ ఏమన్నా వస్తుందేమోనని ఇక్కడి తమ్ముడు ఉత్తరాలు రాస్తే, అక్కడి నుంచి ఆస్తి జాబితా నకలూ, భార్య అన్నా రాసిన జవాబులూ ఓడలో వచ్చాయి. తమ్ముడికి ఏమీ దక్కలేదు. కాగితాలు మాత్రం మిగిలాయి.

జాబితా గది తర్వాత గదిగా సాగింది. ముందు గదిలో పన్నెండు కుర్చీలు, ఒక అద్దం. వంటింట్లో రాగి బిందెలు, ఇనప కడాయిలు. నేలమాళిగలో పీపాలు. దొడ్లో గుర్రాలు, ఎడ్లు. ఎడ్ల తర్వాత ఫ్రావ్ వేగెనర్ అదే గొంతుతో చదివింది.

"రోసీనా. బిమిలిపటామ్ నుంచి. వయసు సుమారు ముప్ఫై. కుట్టుపని వచ్చు. ఆరేళ్ల కూతురితో సహా."

హారిక వేళ్లు ఆగిపోయాయి. "వీళ్లు మనుషులు కదా?"

"అవును. బానిసలు. ఇంకా ఉన్నారు, మొత్తం పదకొండు మంది."

"ఏ కాలమ్‌లో వేయాలి?"

ఫ్రావ్ వేగెనర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "వస్తువు పేరు అన్న కాలమ్‌లోనే వేయాలనుకుంటాను. మూలంలో అలాగే ఉంది. మూలాన్ని మనం మార్చకూడదు."

ఆ రోజు హారిక అలాగే వేసింది. ట్రామ్‌లో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ వరుసే కళ్ల ముందు కనబడింది.

వాళ్ల ఫ్లాట్‌లో పక్క గది రుచితది. విశాఖపట్నం అమ్మాయి. వంటగదిలో పప్పు తాలింపు వేస్తూ, హారిక మొహం చూసి మంట తగ్గించింది.

"ఏటే, అలా ఉన్నావు? అపాయింట్‌మెంట్ మళ్లీ క్యాన్సిల్ చేశారా వీసా ఆఫీసోళ్లు?"

"అది కాదే. ఇయ్యాల ఒక ఆడమనిషిని ఎడ్ల కింద ఎంట్రీ చేసిన." హారిక జరిగిందంతా చెప్పింది. "బిమిలిపటామ్ అంట. ఇండోనేషియా దిక్కు ఏమో అనుకుంటున్న."

రుచిత గరిటె పక్కన పెట్టేసింది. "బిమిలిపటామా? ఒసే, అది భీమునిపట్నం! మా భీమిలే! అక్కడ డచ్చోళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. స్కూల్ నుంచి పిక్నిక్‌కి తీసుకెళ్లేవారు, వాటి మీద కూర్చుని పులిహోర తిన్నాం."

"అంటే ఆమె..."

"మనావిడే. తెలుగావిడ."

తాలింపు మాడిపోయింది. ఇద్దరిలో ఎవరికీ తినాలనిపించలేదు.

మర్నాడు హారిక ఆ మాట చెబితే ఫ్రావ్ వేగెనర్ అన్నా ఉత్తరాల కట్ట ముందుకు లాక్కుంది. "వరుసలో ఇవి ఆఖర్న చేద్దామనుకున్నాం. ఇప్పుడే చదువుదాం," అంది.

నాలుగు వారాలు పట్టింది. ఎక్కువ భాగం వానలు, ద్రాక్షలు, జబ్బులు. మధ్యమధ్య రోసీనా వచ్చేది. మొదటి ఉత్తరంలో అన్నా విసుక్కుంటూ రాసింది: నా భర్త పెట్టిన పేరుకు ఈ మనిషి పలకదు. ఏడేళ్లుగా పలకలేదు. తన పేరు మంగమ్మ అంటుంది. చివరికి పని జరగడం కోసం నేనూ అలాగే పిలుస్తున్నాను.

"మంగమ్మ." హారిక పైకి చదివింది. ఫ్రావ్ వేగెనర్ ఆ పేరును అడిగి మరీ రెండుసార్లు పలికించుకుంది.

రెండో ఉత్తరంలో పంపకాలు. అక్కడి చట్టం ప్రకారం సగం భార్యకు, మిగతా సగం పిల్లలకు. మంగమ్మ అన్నా వాటాకు వచ్చింది. ఆరేళ్ల కూతురు పెద్దకొడుకు హెండ్రిక్ వాటాకు వెళ్లింది. అతని తోట బండి మీద రెండు రోజుల దూరం. పిల్లను తీసుకెళ్లిన వారానికే మంగమ్మ నడిచి అక్కడికి వెళ్లింది. కట్టి తీసుకొచ్చారు. కొట్టారు. గాయాలు మానగానే మళ్లీ వెళ్లింది. మళ్లీ తెచ్చారు. ఎన్ని దెబ్బలో కూడా అన్నా రాసింది. ఫ్రావ్ వేగెనర్ ఆ వాక్యం దగ్గర ఆగి, నీళ్లు తాగి, చదవడం పూర్తి చేసింది.

మూడో ఉత్తరం చిన్నది. ఆమె మళ్లీ వెళ్లింది. హెండ్రిక్ పెరట్లో కూర్చుని లేవడం లేదట. ఇంక తెచ్చే ఓపిక నాకు లేదు. ఆమెను అక్కడే ఉంచుకొమ్మన్నాను. బదులుగా వాల్‌నట్ చెక్క బీరువా, రెండు ఎడ్లు తీసుకున్నాను.

హారిక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపులోనే నవ్వు కూడా వచ్చింది. "కూతురి దగ్గరికి చేరింది," అంది.

"చేరింది. ఎవరి దయా లేకుండా," అంది ఫ్రావ్ వేగెనర్.

ఆ వారమే హారిక ఇంకో పట్టిక తయారు చేసింది. మూలంలోని జాబితాను ముట్టుకోలేదు. మనుషుల సూచిక అన్న పేజీలో క్రిస్టోఫ్, అన్నా, హెండ్రిక్‌లతో పాటు ఆ పదకొండు మందినీ అక్షరక్రమంలో చేర్చింది. ఆమె వరుసలో మంగమ్మ అన్న పేరు ముందు పెట్టి, రోసీనా అని పిలిచేవారని పక్కన రాసింది. కూతురి పేరు దొరకక ఆ గడి ఖాళీగా వదిలింది.

దాన్ని చూసి డీటర్ మండిపడ్డాడు. డీటర్ ఫ్రావ్ వేగెనర్ తమ్ముడు, డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటాడు. వేసవిలో అచ్చు వేయించే కుటుంబ చరిత్ర పుస్తకం అతనిదే. మూడు ఇళ్లవాళ్లు ఒకచోట కూడకూడదు కాబట్టి మార్చిలో వీడియో కాల్‌లోకి వచ్చాడు. హారికే ల్యాప్‌టాప్ బల్ల మధ్యన పెట్టింది.

"సూచికలో మన కుటుంబం మాత్రమే ఉండాలి," అన్నాడు. "ఆ ఉత్తరాలు మూడూ పుస్తకంలోకి రావు. ఫైళ్లలోంచి కూడా తీసేయండి. మనవలు చదివే పుస్తకం ఇది."

"నేను తీసేయను," అంది హారిక.

"మిమ్మల్ని పెట్టుకుంది టైపు చేయడానికి."

"టైపు చేశాను. అందులో ఉన్న మనుషుల్ని మనుషులుగా రాశాను. మీకు అక్కర్లేకపోతే ఈ పనిలో నా పేరు తీసేయండి. వాళ్ల పేర్లు నా చేత్తో తీయను."

"గెర్ట్రూడ్, ఈ అమ్మాయిని పంపించేయ్," అన్నాడు డీటర్ అక్కతో. "కాగితాల్లో సగం నావి. నాన్న ఇద్దరికీ కలిపి రాశాడు. నేను ఒప్పుకోకుండా నువ్వు వాటిని ఏ ఆర్కైవ్‌కూ ఇవ్వలేవు."

అది నిజమే. ఆ రోజు కాల్ అయ్యాక ఫ్రావ్ వేగెనర్ చాలా అలసిపోయినట్టు కనిపించింది. హారిక కోటు తొడుక్కుంది. మళ్లీ రానక్కర్లేదంటుందేమోనని గుమ్మంలో నిలబడింది.

"గురువారం ఎప్పటిలాగే రండి," అంది ఆమె.

ఇంట్లో రుచిత మొత్తం విని, "పని పోతే గది అద్దె ఎలా కడతావే?" అంది.

"ఎట్లనో కడత. గోదాముల ప్యాకింగ్‌కు పోత. ఆ పేర్లు మాత్రం తియ్య."

గురువారం వెళ్లేసరికి బల్ల మీద కాగితాలు లేవు. వాటి స్థానంలో వెండి కప్పు, కుటుంబ ముద్ర, నూనెరంగుల చిత్రాలు రెండు, పెద్ద బైబిలు ఉన్నాయి. కాగితాలు కాక వాళ్ల నాన్న అక్కాతమ్ముళ్లకు కలిపి వదిలినవన్నీ అవే.

"ఇవన్నీ డీటర్‌కి ఇచ్చేస్తున్నాను," అంది ఫ్రావ్ వేగెనర్. "కాగితాలు నావి. రాత్రి ఫోన్‌లో అడిగాను, ఒప్పుకున్నాడు. చిత్రాల మీద వాడికి చిన్నప్పటినుంచీ మక్కువ." ఒక చిత్రం మీద దుమ్ము తుడిచింది. "నాకూ ఉండేది."

పంపకం పత్రం పోస్టులో వెళ్లి సంతకంతో తిరిగొచ్చింది. డీటర్ పుస్తకం ఆ వేసవిలో అచ్చయింది. అందులో ఆ ఉత్తరాలూ లేవు, సూచికలో ఆ పదకొండు మందీ లేరు. అక్కాతమ్ముళ్లు చాలాకాలం మాట్లాడుకోలేదు. అది తన వల్లేనని హారికకు బాధగా ఉండేది. ఒకసారి ఆ మాట అంటే ఫ్రావ్ వేగెనర్ ఒప్పుకోలేదు. "నలభై ఏళ్లు పిల్లలకు లాటిన్ చెప్పాను. ఇంట్లో కాగితాలు తెరవలేదు. బాకీ పడింది నేనే, మీరు కాదు," అంది.

జూన్‌లో పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్ వాళ్లు కాగితాలు తీసుకోవడానికి అంగీకరించారు. ఇద్దరూ కలిసి ట్రామ్‌లో పెట్టె పట్టుకెళ్లారు. అక్కడి ఉద్యోగి అద్దం అవతలి నుంచి ఫారం తోసింది. పత్రాల్లో కనిపించే వ్యక్తులు అన్న చోట హారిక ఒక్కొక్కరినీ నింపుతూ వచ్చి ఒకచోట ఆగింది. కూతురి పేరు ఏ కాగితంలోనూ లేదు.

"తెలియదు అని రాసేయండి, చాలామంది అలాగే రాస్తారు," అంది ఉద్యోగి.

ఫ్రావ్ వేగెనర్ హారిక వైపు చూసింది. హారిక తల అడ్డంగా ఊపింది. పేరు కల్పించడానికి ఆమెకు మనసొప్పలేదు. తెలియదు అని రాయడానికి అసలే ఒప్పలేదు. పెన్ను నొక్కిపట్టి స్పష్టమైన అక్షరాల్లో 'మంగమ్మ కూతురు, ఆరేళ్లు' అని రాసి, ఫారం అద్దం కిందనుంచి వెనక్కి తోసింది.