మూడు మిల్లీమీటర్లు

చెమటా ధూళీ ఎలక్ట్రిక్ గిటార్‌కు శత్రువులని అందరికీ తెలుసు. ఆ రెండింటి నుంచీ నా గిటార్‌ను ముప్పై ఏడేళ్ళు కాపాడుకొచ్చాను. వాయించిన ప్రతిసారీ తీగలను పాత నూలు బనీను ముక్కతో ఒక్కొక్కటిగా తుడిచేవాణ్ణి. ఎడారి ఇసుకను మోసుకొచ్చే ఖమ్సీన్ గాలి వీచే వారాల్లో పెట్టె మూత అంచుల చుట్టూ గుడ్డ కుక్కేవాణ్ణి. పెట్టెలో ఉంచిన సిలికా గుళికలు నీలం నుంచి గులాబీకి తిరగగానే పెనం మీద వేడిచేసి, చల్లార్చి, మళ్ళీ సంచిలో పోసేవాణ్ణి. శబ్దం పెంచే మర గరగరలాడితే విప్పి స్పిరిటుతో కడిగేవాణ్ణి. మెట్ల పలకకు ఏడాదికి రెండుసార్లు నూనె రాసేవాణ్ణి.

"నాకు మోకాళ్ళ నొప్పులొచ్చి ఆరేళ్ళయింది. ఒక్కనాడైనా నూనె రాశావా?" అనేది నా భార్య ఇన్సాఫ్.

"నీ మోకాలి మీద ఫిక్రీ జహ్రాన్ సంతకం లేదు కదా" అనేవాణ్ణి నేను.

గిటార్ తల మీద ఆ సంతకం ఇత్తడి తీగతో పొదిగి ఉంటుంది. డెబ్భైలలో కైరోలో పెద్ద గాయకుల వెనుక గిటార్ వినిపించిందంటే అది ఫిక్రీదే. నేను ఫిజిక్స్ చదువుకుంటూ సెలవుల్లో పెళ్ళిమేళాలలో రెండో గిటార్ వాయించే రోజులవి. బయటి దేశాల గిటార్లలో మన స్వరాలన్నీ ఉండవు. మా రాస్త్ రాగంలో మూడో స్వరాన్ని సీకా అంటాం. అది రెండు మెట్ల నడుమ ఖాళీలో ఎక్కడో ఉంటుంది. ఆ ఖాళీలలో అదనపు మెట్లు వేయించడమే ఫిక్రీ పేరుతో వచ్చిన మోడల్ ప్రత్యేకత. ముహమ్మద్ అలీ వీధిలో బర్సూమ్ అనే పనివాడి దుకాణంలో ఆయన స్వయంగా కూర్చుని, వేలితో వెతికి, చెవితో తేల్చుకుని, పెన్సిల్ గీతలు పెట్టాడు. బర్సూమ్ ఆ గీతల మీద రంపం నడిపాడు. అలా ఆయనది కాక పన్నెండు గిటార్లు తయారయ్యాయి. నాది ఏడోది.

కొన్న ఇరవై రెండేళ్ళకు మెట్లు అరిగిపోయాయి. కొత్తవి వేయించే ముందు గిటార్‌ను మా బడి ప్రయోగశాలకు తీసుకువెళ్ళి, పౌనఃపున్యాలు లెక్కగట్టి, వెర్నియర్‌తో కొలిచాను. మామూలు మెట్లన్నీ సరిగానే ఉన్నాయి. అదనపు మెట్లు మాత్రం అర్ధస్వరానికి సరిగ్గా సగంలో ఉండవలసినవి, దాదాపు మూడు మిల్లీమీటర్లు తల వైపుకు జరిగి ఉన్నాయి. అంటే స్వరం కొద్దిగా కిందికి పలుకుతుంది. లోపం పట్టుకున్న ఉపాధ్యాయుడి ఆనందంతో కాగితం తీసుకుని బర్సూమ్ దగ్గరికి వెళ్ళాను.

"మాష్టారూ, ఇది ఫిక్రీ వేలు పెట్టిన చోటండీ. దీన్ని జరపమంటారా?" అన్నాడు బర్సూమ్.

"వేలంటే కండరం, బర్సూమ్. కండరం పొరపడుతుంది. లెక్క పొరపడదు."

"లెక్క రాసేదీ వేళ్ళతోనే కదండీ."

"నేను గీసిన చోట కోయవయ్యా."

"కోస్తాను, నాదేం పోయింది? గాడిద యజమాని మినారు ఎక్కించమంటే ఎక్కిస్తాను. దింపే పూచీ మాత్రం నాది కాదు, ముందే చెప్తున్నా."

పాత గాడికీ కొత్త గాడికీ మధ్య కొయ్య చిట్లుతుందని పలకనే ఊడదీసి కొత్తది అతికించాడు. జనవరి నెల. పాత పలకను విరిచి, జిగురు కాచే పొయ్యిలో పెట్టాడు. నేను ఆ మంట దగ్గరే చేతులు కాచుకున్నాను. ఇంటికి వచ్చి, "ఫిక్రీ తప్పు దిద్దాను" అని ఇన్సాఫ్‌తో గొప్పగా చెప్పుకున్నాను. వేరెవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. నాలుగేళ్ళకు బర్సూమ్ పోయాడు.

పోయిన ఫిబ్రవరిలో ఫిక్రీ కూతురు రాగియా తండ్రిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆమె ఒక సంగీత విద్యాలయంలో పాఠాలు చెబుతుంది. ఆయన కూడా అక్కడే గురువారాలు ఒక తరగతి తీసుకుంటాడు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, లిఫ్టు పనిచేయని మా మేడలో నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చి, తలుపులో నిలబడి ఊపిరి తీసుకున్నాడు.

"హిల్మీ, నువ్వు ఫిజిక్స్ మాష్టారివి. భూమ్యాకర్షణ మీ వీధిలో కొంచెం ఎక్కువుందేమో చూడకూడదూ?" అన్నాడు.

కూర్చున్నాక రాగియా నేరుగా విషయానికి వచ్చింది. "బాబాయ్, నాన్న క్లాసు ఆపేయమంటున్నారు మా విద్యాలయంవాళ్ళు. పిల్లలు ఫోన్లో శృతి యంత్రం పెట్టుకుని కూర్చుంటున్నారు. నాన్న సీకా పలికిస్తే సూది ఎడమకు పడిపోతోంది, స్వరం తగ్గిందంటూ. పెద్దాయన చెవి పోయింది, మర్యాదగా ఇంటికి పంపించేయండి అంటున్నారు."

"సూదిని నేనూ అడిగా. రాస్త్ విని ఒక్కసారైనా ఏడ్చావా అని. జవాబు లేదు" అన్నాడు ఆయన.

"నాన్నా, జోకులు తర్వాత." ఆమె నా వైపు తిరిగింది. "నా సీకా మొదట్నుంచీ అక్కడే అంటారు నాన్న. సాక్ష్యం ఏదీ? పెళ్ళి కేసెట్లు సాగిపోయాయి. రేడియో రికార్డుల్లో ఇరవై వయొలిన్ల కింద నాన్న గిటార్ నలిగిపోయింది. ఆ పన్నెండు గిటార్లేమో, ఈ స్వరాలు పలికే ఆర్గన్లు వచ్చాక అందరూ అదనపు మెట్లు పీకించేశారు. నాన్నది భూకంపంలో గోడ కింద పడింది. మిగిలింది మీదొక్కటే. దాని మెట్లు కూడా కిందికే ఉంటే, నాన్న చెవి అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మావాళ్ళ మొహాన కొట్టినట్టు చూపిస్తా. అలా కాక సరిగ్గా సగంలో ఉంటే..."

ఆయన తన ఎడమచేతి వేళ్ళను చూసుకుంటున్నాడు.

ముప్పై నాలుగేళ్ళు బడిలో పనిచేసి ఇంత చక్కని ప్రయోగాన్ని ఒక్కసారీ చేయించలేదు. దానిలో ఉన్న లోపం ఒక్కటే, నమూనా చెడిపోయింది. ఆ సంగతి ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"మీరు దీన్ని ఉన్నదున్నట్టే ఉంచారు కదా, బాబాయ్?"

నాకంటే ముందు ఆయనే అందుకున్నాడు. "హిల్మీని అడుగుతావేమే? కొలవందే తన నీడనైనా నమ్మని మనిషి. ఇతను గనక బతికించాడు. మిగతా పదకొండుమందీ కసాయివాళ్ళు."

"ఎంతో జాగ్రత్తగా చూసుకున్నానమ్మా" అన్నాను.

ఈ వాక్యంలో అబద్ధం లేదు. తరువాత ఎన్నోసార్లు దీన్ని పరీక్షించి చూసుకున్నాను. ప్రతి మాటా నిలుస్తుంది.

రాగియా సంచిలోంచి వెర్నియర్ తీసి కొలిచింది, అంకెలు రాసుకుంది, మళ్ళీ కొలిచింది. సరిగ్గా సగం. వెంట్రుకవాసి తేడా లేదు. ఆమె ఆ పరికరాన్ని ఒరలో పెడుతున్నంతసేపూ తల ఎత్తలేదు. ఆయన గిటార్‌ను ఒడిలోకి తీసుకుని, ఆంప్లిఫయర్‌కు తగిలించకుండానే రాస్త్ ఎత్తుకుని, మూడో స్వరం దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ మీటాడు.

"ఇది నాది కాదు."

"సంతకం ఉంది కదా నాన్నా."

"సంతకం నాదేనే. మెట్టు నాది కాదు. పైకి పలుకుతోంది. హిల్మీ, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

సరిగ్గా అప్పుడే ఇన్సాఫ్ టీ పళ్ళెంతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ఆయనను చూడలేదు, రాగియానూ చూడలేదు. నన్నే చూసింది.

"చక్కెర ఎన్ని చెంచాలు, ఉస్తాద్?" అని అడిగాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. తరువాత గిటార్‌ను మెల్లగా సోఫా మీద పడుకోబెట్టి, "రెండు" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఇన్సాఫ్ గ్లాసులు తీయలేదు. ఎదురుగా కూర్చుంది.

"నేను అబద్ధమాడలేదు" అన్నాను.

"ఆడలేదు. ఆ అబద్ధాన్ని ఆ పిల్ల చేతే కొలిపించావు."

"వినికిడి తగ్గడం వేరు, స్వరం తప్పడం వేరు, ఇన్సాఫ్. శాస్త్రప్రకారం చూస్తే..."

"ఆ ముక్క ఆయన ఉన్నప్పుడు చెప్పకపోయావా? ఇప్పుడు గోడకు చెప్తున్నావు. గోడ పాసవుతుందిలే."

ఎందుకు చెప్పలేదని నన్ను నేను అడగకుండా ఉండలేకపోయాను. సిగ్గు ఒక కారణం. పదకొండుమంది కసాయివాళ్ళ నుంచి ఆయన నన్ను వేరుచేసిన క్షణంలోనే పన్నెండోవాణ్ణి నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. కాని దాని అడుగున ఇంకొకటి ఉంది. నా మెట్టే సరైనదని నేను అప్పటికీ నమ్ముతూనే ఉన్నాను. కాని ఆయనది పొరపాటే అయితే ఒక మెట్టు ఎడమకూ ఒకటి కుడికీ చెదిరి ఉండాలి. ఆయన పెట్టినవన్నీ ఒకే దిక్కుకు, ఒకే మేర జరిగి ఉన్నాయి. ఏడాదికి మూడుసార్లు ఈ భేదాన్ని నల్లబల్ల మీద రాసి వివరించినవాణ్ణి, దాన్ని వేలి పొరపాటు అనుకున్నాను గాని, ఒక మనిషి ఎంపిక అనుకోలేదు. ఈ మాటను నాలో నేను ఒప్పుకోవడానికి అయిదు వారాలు పట్టింది. అలాంటి ఆలస్యానికి నా పిల్లల మార్కులు కోసేవాణ్ణి.

ఒక గురువారం గిటార్‌తో విద్యాలయానికి వెళ్ళాను. ఫిక్రీ గదిలో ఎవరో యువకుడు పాఠం చెబుతున్నాడు. రాగియా నన్ను వరండాలో కూర్చోబెట్టింది. నేను చెప్పిందంతా విని, జాలిగా నవ్వింది.

"మిమ్మల్ని నాన్న పంపించారా, బాబాయ్? ఆయన మీద ప్రేమతో మీరు ఇంత మాట అనుకోనక్కర్లేదు."

నిజం చెప్పగా నమ్మకపోవడం నాకు అదే మొదటిసారి. గిటార్ తీసి, పలక అంచున జిగురు గీతను, దాని కింద మెడ మీద పాత లక్కపూత లేచిపోయిన చోటును చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది. లేచేసరికి ముఖంలో నవ్వు లేదు.

"పాత పలక ఏది?"

"పొయ్యిలో కాలింది."

"మీరు కొలిచిన కాగితం?"

"ఉంచుకోలేదమ్మా. మూడు మిల్లీమీటర్లు తల వైపుకు. అది మాత్రం ఖాయం."

"ఖాయమట!" అంది ఆమె. "ఆ రోజు ఆయన మిమ్మల్ని అడిగారు. నేనూ అడిగాను. పదండి, ఈ ముక్క ఆయనకే చెప్పండి. మావాళ్ళ సంగతి తర్వాత. ఆయన వాయిస్తే రికార్డు చేసి, మీ మాటను దానికి జతచేసి, ఆ క్లాసు మళ్ళీ తెప్పిస్తా."

అబ్బాసియాలో వాళ్ళ ఇంట్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. నేను నిలబడే చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే ఎంతో బాగుండేది. ఆయన తల ఊపుతూ విన్నాడు, ఎవరి సంగతో విన్నట్టుగా.

"కూర్చో హిల్మీ. నువ్వే నయం. ఎప్పుడో దిద్దేశావు. నాకు ఇన్నేళ్ళు పట్టింది."

"దిద్దలేదు, ఉస్తాద్. పాడుచేశాను. మీ చోటే సరైనది."

"నాన్నా, విన్నారా? మీ చెవికేం కాలేదు. మీరు మొదట్నుంచీ ఉన్నచోటే ఉన్నారు" అంటూ రాగియా గోడకు ఉన్న ఊద్ వాద్యం తీసి ఆయన చేతిలో పెట్టింది. ఊద్‌కు మెట్లు ఉండవు. వేలు ఎక్కడ ఆగితే స్వరం అక్కడే. "రాస్త్ వాయించండి. రికార్డు చేస్తా."

ఆయన ముందుగా జేబులోంచి ఫోను తీసి, కిటికీ గట్టుకు ఆనించి, శృతి యంత్రం తెరిచాడు. ఆ పని ఎంత అలవాటుగా చేశాడంటే, రాగియా కూడా నిర్ఘాంతపోయింది. మొదటి స్వరం, రెండో స్వరం. మూడోదాని దగ్గర సూది ఎడమకు పడింది. ఆయన వేలు ఉలిక్కిపడి ముందుకు జరిగింది. సూది నిటారుగా నిలబడేదాకా జరిపి, అప్పుడు ఊపిరి వదిలాడు.

"అది తీసేయండి నాన్నా."

"ఉండనీవే. అదుంటే తప్పు రాదు."

రాగియా ఫోనును బోర్లించింది. "ఇప్పుడు వాయించండి. మీ చెవితో."

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. రెండో స్వరం దాటాక వేలు తీగ మీద గాలిలో ఆగిపోయింది. దించలేదు. నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు హిల్మీ. ఎక్కడ పెట్టమంటావు?"

నాకు తెలిసింది ఒక కొలత మాత్రమే. ఆయన ఇందాక సూది కోసం జరిపిన చోటు నుంచి, తల వైపుకు, సుమారు మూడు మిల్లీమీటర్లు అన్నాను. ఆయన వినయంగా అక్కడే వేలు పెట్టి, తీగ మీటి, సరిపోయిందా అన్నట్టు నా ముఖం వైపు చూశాడు.