డేగను చేర్చుకున్నాక

నర్సులు సుహాసిని, కీర్తి పాడేరులో ఒకే గదిలో అద్దెకుండేవారు. డ్యూటీ దిగగానే ఒకే ఫోను మీదకు వంగి రాక్షస జంతువుల పోరాట ఆట ఆడేవారు. ఆరు జంతువులతో జట్టు కట్టాలి. ఎదుటివాళ్ల మీద పడి కొట్టేవాటిని కీర్తి ఎంచేది. దెబ్బలు కాచేవాటిని, గాయాలు మాన్పేవాటిని సుహాసిని ఎంచేది.

వేసవిలో కీర్తికి రంపచోడవరం బదిలీ అయింది. సుహాసిని ఒక్కతే ఆడసాగింది. ఆమె జట్టు ఎంతసేపైనా నిలబడేది కానీ ఎవరినీ పడగొట్టలేకపోయేది. వరసగా ఓడాక, గాయాలు మాన్పేవాటిలో ఒకదాన్ని మనసు చంపుకుని తీసేసి, నిప్పులు కక్కే డేగను పెట్టింది. అది ఇట్టే పడిపోతోందని, ముందు నిలిచి దెబ్బ కాయడానికి మరొకదాన్ని కూడా తీసి రాతి ఎలుగును చేర్చింది. ఆ ఆదివారం ఆన్‌లైన్ పోటీలో మొదటి రౌండు గెలిచింది.

వెంటనే కీర్తికి ఫోన్ చేసింది.

“ఒలే, గెలిసీసేనే! డేగనెట్టేను.”

“ఏ డేగే?” అంది కీర్తి. వెనక ఎవరివో నవ్వులు. “ఓ, ఆ ఆటా! ఇంకా ఆడతన్నావేటే? నేనెప్పుడో తీసీసేను. బజారుకెల్తన్నాం, మల్లీ సేత్తానుండు.”

“సరే, ఎల్లిరా.”

బయట కొండల మీద వాన దిగుతోంది. రెండో రౌండు మొదలైంది. ఎదుటి ఆటగాడెవరో ఆమెకు తెలియదు. ఎలుగును ముందు నిలిపి, డేగను పంపింది.

“కొట్టవే,” అంది పైకే. ఖాళీ గదిలో తన గొంతు తనకే వినిపించి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నోరు మూసుకుని ఆడింది.